మొలతాడు నీళ్లు

రాయదుర్గంలో ఎవరి బోరు మోటరు కాలినా చివరికి తిప్పేష్ షాపుకే చేరుతుంది. తను రాగితీగ చుట్టిన మోటరు గిర్రున తిరిగేదాకా అన్నం ముట్టని మొండిఘటం. ఆ మొండితనం మోటర్లకు మేలు చేసింది, భార్య గంగాదేవికి మాత్రం చేయలేదు.

గంగాదేవి జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోయేది. షుగరు మనిషి. ఒకరోజు కత్తెర జారి కుడికాలి బొటనవేలి మీద పడింది, పుండు లేచింది. ఆసుపత్రికి పోదామంది. తిప్పేష్ అప్పటికే ఫోను వీడియోలో ఒక పెద్దమనిషి మాటలు విన్నాడు: వెండికి కరెంటిచ్చి నీళ్లలో ముంచితే, ఆ నీళ్లకు మానని పుండే ఉండదట. కరెంటు అనే మాట చెవిన పడ్డాక తిప్పేష్‌కు డాక్టరెందుకు? పెళ్లిలో మామ పెట్టిన వెండి మొలతాడు తెంపి, రెండు ముక్కలకీ పాత చార్జరు వైర్లు తగిలించాడు.

"నీ మొలతాడు నాన్చిన నీళ్లు నాకు తాపుతాండావా?" అంది గంగాదేవి ముక్కు మూసుకుని.

"మొగుని మీద నమ్మకముంటే తాగు."

"నమ్మకం ఉండాది లేప్పా. ముందు దాన్ని కడిగినావా లేదా?"

నవ్వుతూనే తాగింది. పుండు మీదా పోసుకుంది.

వెండి ఎంత దిగిందో మీటరుతో చూసుకోవాలని కూడా ఫోనాయన చెప్పాడు. వాటర్ ప్లాంటు ఓబిలేష్ దగ్గర నీళ్లు చూసే మీటరుంటే తిప్పేష్ అడిగి తెచ్చాడు. బ్యాటరీలో పోసే నీళ్లే వాడమన్న మాట ఒక్కటీ గాలికొదిలేశాడు. సత్తువ లేని నీళ్లతో మందేమిటని, తన చేత్తో దించిన మోటరు తోడే బోరు నీళ్లే పోశాడు. ఫోనాయన పది వస్తే చాలన్నాడు. ఈయన గ్లాసులో పదకొండు వందలు పలికింది.

"చూసినావా గంగా! ఆయప్పది పది, మనది పదకొండు నూర్లు!"

వేలు నల్లబడింది. విషం బయటికొస్తోందన్నాడు. పాదం వాచింది. ఇంకో గ్లాసు పోశాడు.

మీటరు తీసుకుపోదామని ఓబిలేష్ వచ్చినప్పుడు తిప్పేష్ గొప్పగా అంకె చూపించాడు. ఓబిలేష్ మీటరును పక్కనున్న బోరు నీళ్ల బకెట్లో ముంచాడు. అక్కడా పదకొండు వందలే.

"అన్నా, ఇది ఉప్పు. వెండేదో ఉప్పేదో దీనికేం తెలుస్తాది? వదినను లేపు, పోదాం."

తిప్పేష్ మీటరును లుంగీకి తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ తుడిచాడు. ఓబిలేష్ దాన్ని చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది. ఓబిలేష్ ఆటోలోంచి నీళ్ల క్యాన్లు దించేసి, దాంట్లోనే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరు గుడ్డ తీసి చూసి, మోకాలి కింద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈడికి తీయాల. ముందే తెచ్చుంటే వేలితో పోయేది."

మంచం పక్కన తిప్పేష్ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతను పట్టుకున్న సంగతి కూడా ఆమెకు తెలియడం లేదు.

"ఏమప్పా, తీసినాక దాన్ని యాడ పారేస్తారు?"

"తెలీదు."

"అడుగు పో. మనకే ఇమ్మను. కుక్కల పాలు కానీకు, నీ చేత్తో పూడ్చిపెట్టు."

తిప్పేష్ లేచి పోయి నర్సు ముందు నిలబడ్డాడు. ఏం కావాలని ఆమె అడుగుతూనే ఉంది.