ఎండకు కాగిన నీళ్లతో ఉరవకొండలో ఒక పగలు

అరవైల మొదట్లో నేను అనంతపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ని. ఉరవకొండలో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరు మిత్రుడొకడు, వానల్లేక కట్టెలకూ కరువొచ్చిందని, ఎండతో నీళ్లు కాచే ఉపాయం చూడమని అడిగాడు. అలా తయారైంది నా పెట్టె: నల్లరంగు పూసిన రేకు, దానికి అతికిన గొట్టాలు, పైన అద్దం. గొట్టాల్లో వేడెక్కిన నీళ్లు వాటంతటవే పెట్టెకన్నా ఎత్తులో పెట్టిన డ్రమ్ములోకి ఎక్కుతాయి, చన్నీళ్లు కిందికి దిగుతాయి. ఏ గంటకు ఎంత వేడెక్కాలో ముందే లెక్కగట్టి గ్రాఫు గీశాను. అది నిజమో కాదో తేలాలంటే పొద్దుగూకేదాకా ఆ డ్రమ్మును ఎవరూ ముట్టకూడదు.

చలికాలంలో ఒకనాడు తెల్లవారుతూనే మొదటి బస్సెక్కాను. దారి రెండు గంటలే గాని, అద్దం పగలకుండా పెట్టెను పక్క సీట్లో కూర్చోబెట్టినందుకు కండక్టరు దానికీ అర టికెట్టు కొట్టాడు. ఆ పెట్టె ఏమిటని డ్రైవరు అడిగితే, ఎండతో నీళ్లు కాచేదని చెప్పాను. అతను, "ఉరవకొండకు ఈడ నుంచి వేడి మోసుకపోతాండారా సార్?" అన్నాడు.

ఎండెక్కేసరికి డాక్టరూ నేనూ పెట్టెను ఆసుపత్రి మిద్దె మీద బిగించి, అక్కడి నీళ్ల డ్రమ్ముకు కలిపాం. నీళ్లు నా గీత మీదే వేడెక్కుతూ వచ్చాయి. ఇంతలో కాంపౌండరు గడ్డం గీసుకోవడానికి ఒక చెంబుడు వేడినీళ్లు పట్టుకుపోయాడు. గీత తప్పింది. సమీకరణంలో కాంపౌండరును కలిపి మళ్లీ లెక్క వేశాను. వంటామె ఎల్లమ్మ నేతిగిన్నె కడగాలని ఇంకో చెంబు వంచుకుంది. ఎల్లమ్మనూ కలిపాను. ఆ తర్వాత భోజనం కూడా మానుకొని, గొడుగు వేసుకుని డ్రమ్ము కొళాయి పక్కనే కాపలా కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా శనగచేలో నొప్పులొచ్చిన ఒకామెను బండి మీద తెచ్చారు. పొయ్యిలోకి శనగపొట్టు తప్ప ఏమీ లేదు. అది కత్తెర, దారం ఉడకబెట్టడానికే సరిపోయింది. నర్సు సుగుణమ్మ రెండు బకెట్లతో మిద్దెక్కింది. ఒక్క గంట ఆగితే నా ప్రయోగం పూర్తవుతుందని బతిమాలాను.

ఆమె కొంగు దోపుకుంటూ, "సార్, కింద బిడ్డ పుడతాండాది. ఈ నీళ్లు సూసేకి కాసినారా, వాడేకి కాసినారా?" అంది.

నేనే కొళాయి తిప్పాను. రెండో బకెట్టు కూడా నేనే కిందికి మోశాను. కాసేపటికి గది లోపలినుంచి ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. బిడ్డకు నీళ్లు పోస్తూ అమ్మమ్మ, కట్టెలు లేవంటిరే, వేడినీళ్లు యాడివని అడిగింది. కాంపౌండరు మిద్దె మీదికీ, గుమ్మం దగ్గరున్న నా వైపుకీ చెయ్యి చూపించాడు. ఆమె నన్ను చూసి దండం పెట్టింది. ఆ దండాన్ని ఏ సమీకరణంలో కలపాలో నాకు తెలియలేదు.

పెట్టెను తిరిగివ్వడానికి సుగుణమ్మ ఒప్పుకోలేదు. అర టికెట్టు మిగుల్చుకుని నేనొక్కణ్నే వెనక్కి వచ్చాను. తర్వాత గీసిన గ్రాఫుల్లో మనుషులు నీళ్లు వాడుకునే వేళలు ముందే వేసుకున్నాను. అవి చాలావరకు సరిపోయాయి. ఎవరూ ముట్టని డ్రమ్ము లెక్కలో తప్పేమీ లేదు, అలాంటి డ్రమ్ము ఏ ఇంట్లోనూ ఉండదంతే.

అటు వెళ్లేవారికి ఒక మాట: ఎండనీళ్లతో స్నానం చేయాలనుకుంటే సాయంత్రం ఎండ ఉండగానే కానివ్వండి. కొళాయి తిప్పేముందు మాత్రం, ఇంట్లో ఇంకెవరికి ఆ నీళ్లు కావాలో అడగండి.