మతం గడిలో రాసిన మాట

“క్రైస్తవ అని రాసినంక ఈ హాస్టల్ల సీటెట్లిస్తరమ్మా?” అంటూ గుమాస్తా దరఖాస్తును వెనక్కి తోశాడు.

నా పక్కన నిలబడ్డ ఆమె యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ ఊడ్చేది. తను ఉండేది ముగ్గురు పనివాళ్లతో కలిసి ఒకే గదిలో. షెడ్యూల్డు కులాల హాస్టల్లో సీటు రాకపోతే ఆమె కూతురి చదువు ఊళ్లో మెట్రిక్‌తోనే ఆగిపోతుంది.

ఆ మాట రాసింది నేనే.

తార్నాకలో మా చర్చి వరండాలో, ఆదివారం ఆరాధన అయ్యాక విద్యార్థులం కొందరం బల్ల వేసుకుని కూర్చునేవాళ్లం. చదువు రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాళ్లం. ఆమె ఊరు చెప్పింది, కులం చెప్పింది. మతం నేను అడగలేదు. కాసేపటి కిందటే ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి నా పక్కన మోకరించిన మనిషిని ఏమని అడగను? రాసేశాను. మా ఊళ్లలో పెద్దలు ఆ పొరపాటు చేయరు. పిల్లలకు బడి రిజిస్టర్లో హిందూ పేరు, చర్చి రిజిస్టర్లో క్రైస్తవ పేరు పెడతారు. నాకూ రెండున్నాయి. నా దరఖాస్తులన్నీ మా నాయనే నింపాడు. రెండెందుకని నేనెన్నడూ అడగలేదు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. కొత్త ఫారం తీసి, “హిందూ అని రాయుండ్రి. ఎవరడుగుతరు?” అన్నాడు.

పెన్ను తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఆగు బిడ్డా. సారూ, బాప్తీస్మం తీస్కున్ననని నా చీపురు గుంజుకున్నరా? మా ఊరి హోటల్ల నా గ్లాసు ఇంకా బయట చూర్లనే ఉన్నది. నేను కిరస్తానమని దానికెవ్వలు చెప్పలే.”

ఆయనకు నవ్వొచ్చింది. “గ్లాసుకు రూల్స్ తెల్వయమ్మా.”

“మీకు తెలుసు గదా. సీటు ఎందుకియ్యరో గదే కాయితం మీద రాసియ్యుండ్రి.”

రాసిచ్చాడు. ఆ కాగితంతో మా చర్చి సంఘ పెద్దల దగ్గరికి వెళ్లాం. పిల్ల కోసం ప్రార్థన చేద్దామన్నారొకాయన.

“చేద్దాం అయ్యగారూ. లేచినంక పిల్ల యాడ పండుకుంటదో గూడ చెప్పుండ్రి,” అంది ఆమె.

హబ్సిగూడలో ఉండే మా సంఘపు టీచరమ్మ, “మా ఇంట్ల ఉంటది,” అంది. పిల్ల కాలేజీలో చేరింది.

అక్కడితో ఆపలేదు. క్రైస్తవులైతే షెడ్యూల్డు కులం కాకుండా పోతారనే ఈ నియమం తీసేయమని ప్రభుత్వానికి అర్జీ రాసి, ముషీరాబాద్ దాకా సైకిళ్ల మీద తిరిగి సంతకాలు అడిగాం. చాలామంది పెట్టలేదు. పెడితే పిల్లల బడి పేర్ల సంగతి బయటపడుతుంది, ఉన్న సీట్లు పోతాయి. వాళ్లను తప్పుపట్టలేకపోయాను. నా వంతు వచ్చినప్పుడు నా పెన్ను కూడా కాసేపు ఆగింది. చివరికి చర్చి రిజిస్టర్లో ఉన్న పేరే రాశాను. దాని కింద ఆమె వేలిముద్ర వేసింది.

పిల్ల చదువు పూర్తి చేసి టీచరయింది. మా అర్జీకి జవాబు రాలేదు. తర్వాత మావాళ్లను వెనుకబడిన తరగతుల్లో చేర్చారు. క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు మాత్రం నేనిది రాస్తున్న నాటికీ లేదు.