బాషా తాత పుస్తకాల పొట్లాలు

పాకాల స్టేషను రోడ్డులో బైండింగు షాపు పెట్టుకున్న మహబూబ్ బాషా ఏ పుస్తకాన్నీ మొత్తంగా ఎవరి చేతికీ ఇవ్వడు. ఇదొక్కటే ఆయన జబ్బు. మిగతా అన్ని విధాలా మంచి మనిషి.

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, మీసాలు రాబోతున్న మగపిల్లలూ, ఫోను లాక్కున్నారని తల్లుల మీద అలిగిన ఆడపిల్లలూ మాయల కథల కోసం ఆయన షాపు మెట్ల మీద వాలిపోతారు. బాషా పైసా అడగడు. కాని ఇచ్చేది పదహారు పేజీలే. అచ్చుకాగితాన్ని మడిస్తే వచ్చే ఆ పదహారు పేజీల కట్టను బైండింగు వాళ్ళు ఫారం అంటారు. దిండంత పుస్తకాన్ని కుట్టు విప్పి, ఫారాలుగా విడదీసి, ఒక్కో ఫారాన్ని పాత పేపరులో చుట్టి, దారం కట్టి, మందు పొట్లంలాగా చేతిలో పెడతాడు. రోజుకు ఒకటి. మర్నాడు పొద్దున దాన్ని తెచ్చిస్తేనే ఇంకొకటి.

ఆయన తండ్రి యునానీ హకీము. కొడుక్కి వైద్యం అబ్బలేదు గాని పొట్లం కట్టడం అబ్బింది. దానికంటే బాగా పథ్యం చెప్పడం అబ్బింది.

"ఈ ఫారంలో రాక్షసి వస్తాది. పెరుగన్నం తిని చదువు. వంకాయ మాత్రం ముట్టొద్దు."

"వంకాయకీ రాక్షసికీ ఏం సంబంధం తాతా?"

"తిని చదివి సూడు. తెలుస్తాది."

తిని చదివే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వంకాయలమ్మే సుబ్బులమ్మ ఆయన మీద కేసు పెడతానని రెండుసార్లు పోలీసు స్టేషను మెట్ల దాకా పోయి వచ్చింది.

పుస్తకాలు ఎంచుకోవడంలోనూ ఆయనది ఇలాంటి పద్ధతే. మార్చిలో తిరుపతి పోయి, పాత పుస్తకాల కొట్లలో పూటంతా కూర్చుని, గోనెసంచి నిండా నింపుకుంటాడు. అసలు పరీక్ష తిరుగు రైల్లో జరుగుతుంది. ఒక్కో పుస్తకం తీసి మొదటి పేజీలు పెట్టెలో అందరికీ వినపడేలా చదువుతాడు. జనం వాళ్ళ స్టేషన్లో వాళ్ళు బుద్ధిగా దిగిపోతే ఆ పుస్తకం ఫెయిలు. దిగడం మరిచిపోతే పాసు. ఒక ఏడాది చంద్రగిరిలో దిగాల్సిన పెళ్ళివాళ్ళు, మేళతాళాలతో సహా, పాకాల దాకా వచ్చేశారు. ఆడపెళ్ళివాళ్ళు ఫోను మీద ఫోను చేస్తుంటే, పెళ్ళికొడుకు బాసికం సర్దుకుంటూ "ఉండండి మామా, కోటలో దూరినాడు, బయటికి రానీండి" అన్నాడట. ముహూర్తం దాటిపోయింది గాని ఆ పుస్తకం మూడు వేసవులు ఆడింది.

ఈ పొట్లాల వైద్యం మొదలై రెండేళ్ళే అయింది. అంతకుముందు అందరిలాగే నిండు పుస్తకం ఇచ్చేవాడు. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని ఊరు తేల్చేసింది. ఆయన భార్య వహీదున్నీసా అయితే "ఇంట్లో కూడా అంతే. ఉప్పు అడిగితే చిటికెడు కట్టిస్తాడు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

పిల్లలు ఊరుకున్నారా? పదహారేళ్ళ తౌసిఫ్ నాయకత్వంలో తిరుగుబాటు చేశారు. ఒకే పుస్తకం చదువుతున్న ముగ్గురు పొట్లాలు మార్చుకుని ఒక్కరోజులో మూడు ఫారాలు లాగించారు. అవి వరసలో లేవని వాళ్ళకు తెలియదు. ఆ దెబ్బతో తౌసిఫ్ కథలో పొద్దున చచ్చిన డ్రాగను మధ్యాహ్నం పెళ్ళి చేసుకుని సాయంత్రానికి గుడ్డులోంచి బయటికొచ్చింది. మర్నాడు వాడు తల పట్టుకుని వచ్చాడు.

"తలనొప్పి తాతా."

"మోతాదు మించినావు. మూడు రోజులు లంఖణం," అని బాషా మూడు రోజులు వాడికి పొట్లం ఆపేశాడు.

ఈ గోలలో నవ్వని పిల్ల జెస్సీ ఒక్కతే. పద్నాలుగేళ్ళు. నాయన ప్రేమానందం స్టేషను దగ్గర ఆటో తోలుతాడు. అమ్మ గ్రేసమ్మ ఒకప్పుడు బాషా షాపులోనే ఫారాలు మడిచే పని చేసేది. మూడేళ్ళ కిందట కువైటుకు ఇంటిపనికి పోయింది. శుక్రవారం ఆమెకు సెలవు. ఆ మధ్యాహ్నం ఆటో వేపచెట్టు నీడలో ఆపి ప్రేమానందం ఫోను కూతురి చేతికిస్తాడు.

మొదట్లో ఆ ఫోను చెవి వేడెక్కేదాకా సాగేది. ఇప్పుడు ఇలా అయింది:

"తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నా. ఎండలు ఎట్లుండాయి?"

"ఉండాయి."

తర్వాత ఇద్దరూ మాటల కోసం వెతుక్కునేవాళ్ళు. ఆ ఇంట్లో సంగతులు చెప్పొద్దని అమ్మకు ఆర్డరు. ఈ ఇంట్లో చెప్పడానికి సంగతులు లేవు. చెవిలో అమ్మ ఊపిరి వినపడుతూ ఉండేది. జెస్సీ వారమంతా ఒక మాట దాచుకుని వెళ్ళేది. తీరా చెప్పే వేళకు అది చాలా చిన్నదిగా కనిపించి మింగేసేది. "సరేమ్మా, నాయనకియ్యి" అనేది అమ్మ.

జూన్ పన్నెండున జెస్సీ గురుకులం హాస్టలుకు పోవాలి. అక్కడ ఫోను చేతికివ్వరు. ఈలోపు ఉన్నవి ఆరు శుక్రవారాలు. ఈ ఆరింటిలో ఒక్కసారైనా అమ్మతో కడుపునిండా మాట్లాడకపోతే, తర్వాత "తిన్నావా" కూడా మరిచిపోతామేమోనని ఆ పిల్ల భయం. ఎవరికీ చెప్పలేదు. మాయల పుస్తకంలో అయినా తలదాచుకుందామని మే నెల మొదట్లో బాషా మెట్లెక్కింది.

"తాతా, డ్రాగను పుస్తకం కావల్ల. తౌసిఫ్ చదివేది."

బాషా కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నీకు డ్రాగను పడదు. ఉష్ణం చేస్తాది."

"మరి ఎగిరే ఓడ పుస్తకం?"

"అది వాతం."

"నాకేం పడతాది తాతా?"

బాషా బల్ల కింద నుంచి ఒక బండంత పుస్తకం తీశాడు. 'నీడల సంత'. సంతలో తన నీడను అమ్ముకున్న మిణుకు అనే పిల్ల, దాన్ని వెతుక్కుంటూ ఉప్పునది దాటి పోయే కథ. ఆరువందల నలభై పేజీలు. కళ్ళముందే పరపరా కుట్టు విప్పి నలభై కట్టలు చేసి, మొదటిది పొట్లం కట్టాడు.

"నలభై రోజులు. ఒక్కరోజు కూడా ముందుకు పోయేది లేదు. మజ్జిగలో కరివేపాకు వేసుకో."

మొదటి పొట్లానికే జెస్సీ చిక్కుకుపోయింది. ఆరో పొట్లానికి అన్నం గిన్నె ముందు పెట్టుకుని నీళ్ళ చెంబులో చెయ్యి కడిగి లేచింది, తిన్నాననుకుని. పదకొండోదానికి బేరమాడింది, పదమూడోదానికి బతిమాలింది, పదిహేనోదానికి తిట్టింది.

"ఒక్క పొట్లం ఎక్కువిస్తే నీ సొమ్మేం పోతాది తాతా?"

"నాది కాదు బేటీ. పోయేది నీదే."

"నీకు మనసు లేదు."

"ఉండాది. దాన్ని గూడా పొట్లం కట్టి పెట్టినా."

మూడో శుక్రవారం వచ్చింది. మిణుకు ఉప్పునది గట్టు దాకా వచ్చి ఆగింది. పడవ ఎలా దొరుకుతుందో రేపటి పొట్లంలో ఉంది. జెస్సీ ఆటోలో కూర్చుని ఫోను అందుకుంది. తిన్నావా అయింది. ఎండలు అయ్యాయి. ఊపిరి వినపడే చోటు వచ్చింది. మనసు నది గట్టున ఉండగా ఈ పిల్ల ఊరికే "ఊ" కొట్టింది.

అవతల అమ్మ ఉండబట్టలేక, "ఏమన్నా గాని పాపా, ఆ పిల్లది తప్పే. నక్క మాట నమ్మి ఎవురన్నా పడవెక్కుతారా?" అంది.

జెస్సీ "ఊ" అనబోయి ఆగింది.

"ఏ నక్క?"

అవతల కువైటు మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"అమ్మా, ఏ నక్క?"

"అయ్యో దేవుడా! నీకింకా రాలేదా?"

"నాకేం రాలేదు? నీకెట్ల వచ్చింది? మిణుకు నీకెట్ల తెలుసు?"

"పెడతాను పాపా, వాళ్ళు పిలస్తా ఉండారు," అని గ్రేసమ్మ ఫోను పెట్టేసింది. శుక్రవారం ఆమెను పిలిచే వాళ్ళు ఎవరూ లేరని జెస్సీకి తెలుసు.

ఆటో దిగి స్టేషను రోడ్డంతా పరుగెత్తింది. బాషా స్టూలు మీద నిలబడి, కిటికీ వెలుతురులో ఇరవై మూడో ఫారం పరిచి, ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. తీసి, పేజీ తిప్పి, మళ్ళీ తీసి, "బిస్మిల్లా, గ్రేసమ్మా, ఇదో పో" అని గాలిలోకి పంపుతున్నాడు.

జెస్సీ గుమ్మంలో నిలబడింది. బాషా స్టూలు మీదే కూర్చుండిపోయాడు. లోపల నుంచి వహీదున్నీసా తొంగి చూసి, "దొరికిపోయినాడు. నేను సెప్తానే ఉండా," అని సంతోషంగా లోపలికి పోయింది.

"మా అమ్మ గూడా ఇదే చదువుతా ఉండాదా తాతా?"

"ఊ. ఆయమ్మ బళ్ళో చదివింది ఏడో తరగతే. ఏలు పెట్టి చదువుతాది. రోజంతా పని, పండుకునే ముందు ఒక అరగంట. ఆ అరగంటలో ఆయమ్మకు పడేది ఒక్క ఫారమే. ఆ లెక్కకే నీకూ ఒకటి కట్టినా. నువ్వు నాలుగు రోజుల్లో చదివేసినావంటే మీ అమ్మ ఎవురితో నడవల్ల?"

జెస్సీ కిటికీ దగ్గరికి వచ్చి, పరిచి ఉన్న ఫారాన్ని చూసింది.

"నీకు సెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది. చదవలేక నడమ మానేస్తే నీ ముందర చిన్నతనం అంటా. ముందు నీ జతకు వచ్చి, అప్పుడు సెప్తాదంట."

"డ్రాగను నాకు ఉష్ణమని..."

"డ్రాగను లేదు, ఉష్ణం లేదు. పుస్తకం మీ అమ్మే ఎంచుకునింది. ఈ నీడల సంత తిరుపతి ప్రెస్సు నుంచి వచ్చినప్పుడు మూడొందల పుస్తకాల ఫారాలు మీ అమ్మే మడిచింది. మడిచేటప్పుడు ఆడొక ముక్క, ఈడొక ముక్క కంటబడతాది. నీడ అమ్మేసింది అని ఉంటాది, ఎందుకమ్మిందో ఉండదు. ఏడుస్తా గట్టున కూర్చునింది అని ఉంటాది, తర్వాతేమైందో ఉండదు. పని తొందరలో చదివేదానికి కుదర్లే. కువైటు నుంచి నాకు మొట్టమొదట ఫోను చేసి ఏమడిగిందో తెలుసా? 'మామా, ఆ పిల్లకు నీడ దొరికిందా?' అని."

జెస్సీ మెల్లగా అడిగింది: "తౌసిఫ్ డ్రాగను?"

"వాళ్ళ నాయన సౌదీలో లారీ తోల్తాడు. ఆయన మోతాదు గూడా ఒకటే. వాడికి సెప్పొద్దు. వాడు సెప్తే ఊరంతా సెప్తాడు." బాషా ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఊళ్ళో లేని వాళ్ళు చానా మంది ఉండారు బేటీ. నా చెయ్యి ఒకటే, ఫోను ఒకటే. నేను మాత్రం ఏం చేసేది, పొట్లాలు కట్టక?"

జెస్సీ కళ్ళు తుడుచుకోబోయింది. అంతలో ఒక సంగతి తట్టి చెయ్యి సగంలో ఆగింది.

"ఉండు తాతా. ఇద్దరికీ ఒకటే మోతాదైతే, నక్క మా అమ్మకు ముందే ఎట్ల కనిపించింది?"

బాషా గోడ వైపు చూశాడు.

"నాకు ఒకటి, మా అమ్మకు రెండా?"

"శుక్రవారం సెలవు కదా బేటీ..."

"నేను పదమూడో పొట్లం దగ్గర కాళ్ళు పట్టుకున్నానే!"

"మీ అమ్మ ఏడ్చింది. నువ్వు తిట్టినావు. వైద్యుడు ఏం చేస్తాడు?"

జెస్సీ ఆ సాయంత్రం నాయన ఫోనులో నుంచి అమ్మకు ఏడు నిమిషాల వాయిస్ మెసేజి పంపింది. అందులో ఒక్క మంచి మాట లేదు. దొంగ అంది, మోసం అంది, నక్కకూ నీకూ తేడా లేదంది. జవాబుగా గ్రేసమ్మ తొమ్మిది నిమిషాలు పంపింది. అందులో సగం నవ్వే.

తర్వాతి శుక్రవారం వేపచెట్టు కింద ఆటో ఎంతకూ కదలలేదు. కథలో మిణుకు పడవ ఇంకా ఉప్పునది నడుమే ఉంది. వెనక సీట్లో చిత్తూరు బండికి పోవాల్సిన ముసలమ్మ పోలేరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి వింటోంది.

"చెప్పొద్దమ్మా! చెప్పొద్దు! చెవులు మూసుకుంటా ఉండా!"

"చెప్పన్లే. కాని మిణుకు స్థానంలో నువ్వుంటే నీడకోసం చేతికుండే ఉంగరం ఇచ్చేస్తావా?"

"నేనైతే నీడను అమ్మనే అమ్మను!"

"అమ్మాల్సి వస్తాది పాపా, ఒక్కోసారి. అమ్మినోళ్ళంతా చెడ్డోళ్ళు కాదు."

"తెలుసులేమ్మా. అందుకే కదా తెచ్చుకునేదానికి పోతా ఉండేది."

పోలేరమ్మ ఉండబట్టలేక, "ఇంతకీ ఆ నక్క యవారం ఏమైంది?" అని అడిగింది.

పోయిన వారం కూడా పెళ్ళాంతో మాట్లాడే వంతు రాని ప్రేమానందం ముందు సీట్లో నుంచి చెయ్యి చాచి, "పాపా, నాకియ్యి ఒక్క నిమిషం, నేనూ మాట్లాడతా," అన్నాడు.

జెస్సీ ఫోను అవతలి చెవికి మార్చుకుని, నాయన చేతిని పక్కకు నెట్టింది.

"ఉండు నాయనా. మేమింకా నది దాటలేదు."