వేలిమీద సూదిమొనంత గాయం

సహోదరులారా, ఈ సంఘంలో డప్పు వాయించే నన్ను మీరందరూ ఎరుగుదురు, కానీ నాలుగేళ్లపాటు పొద్దున్నే తాగి పనికి వెళ్లేవాడినని మీలో చాలామందికి తెలియదు. మానేశానని నా భార్య కరుణకు చెప్పాను, ఆమె నమ్మింది, నేను మాత్రం సీసాను రంగు డబ్బాల మధ్య దాచుకునేవాడిని.

సత్తెనపల్లి చుట్టుపక్కల ఇళ్లకు బయటి రంగులు వేయడం నా పని. స్ప్రే మిషన్ కొన్నాక రోలరుతో రెండు రోజులు పట్టే గోడ ఒక్క పూటలో అయిపోయేది, దాంతో నా అంత పనివాడు లేడని గర్వం కూడా పెరిగింది.

మిరపకోతల రోజుల్లో సుబ్బమ్మగారనే రైతు ఇంటికి రంగు వేస్తుండగా గన్ నాజిల్, అంటే రంగు చిమ్మే మొన, మూసుకుపోయింది. అలాంటప్పుడు మిషన్ ఆపి, ప్రెషర్ వదిలి, ఆ తర్వాతే నాజిల్ ముట్టుకోవాలి. నాకు తెలియక కాదు. మత్తులో ఏదీ ఆపకుండా ఎడమ చూపుడు వేలితో నాజిల్ తుడిచాను, అదే క్షణంలో కుడిచెయ్యి ట్రిగ్గర్ నొక్కింది. ఆ జోరుకి రంగు ధార తగిలి వేలికి సూది గుచ్చినంత రంధ్రం పడింది, రక్తం కూడా సరిగా రాలేదు. గుడ్డ చుట్టుకుని మళ్లీ గన్ పట్టుకున్నాను.

సుబ్బమ్మగారు చూశారు. "ఏమయ్యా ప్రసాదూ, ఆ వేలేంది అట్టా ఉబ్బింది?"

"ఏం కాలేదమ్మా, కాస్త గుచ్చుకుంది."

"రంగు లోపలికి పోయిందేమో! ముందా మిషన్ ఆపు. గోడెక్కడికీ పోదులే, ఆస్పత్రికి పద!"

ఆమే కారు పిలిపించి, దారిలో కరుణను ఎక్కించుకుని, గుంటూరు తీసుకెళ్లారు. అక్కడికి చేరేసరికి చెయ్యంతా వాచిపోయింది.

"రంగు లోపలంతా పాకింది, వెంటనే కోసి కడగాలి, లేకపోతే చెయ్యే పోవచ్చు" అన్నారు డాక్టరుగారు. "మత్తు ఇవ్వాలి కాబట్టి నిజం చెప్పు. ఇవాళ తాగావా?"

కరుణ పక్కనే ఉంది. లేదని చెప్పబోయాను. 'ప్రభువా, చెయ్యి ఉన్నా పోయినా నీ చిత్తం, ఈ అబద్ధంలోనుంచి మాత్రం నన్ను బయటికి లాగు' అని లోపల ప్రార్థించాను.

"తాగానండి. రోజూ తాగుతున్నాను."

కరుణ గోడవైపు తిరిగిపోయింది. తర్వాత వచ్చి కాగితాల మీద సంతకం పెట్టింది.

వేలు తీసేశారు, చెయ్యి మిగిలింది. దేవునికే మహిమ! తాగాలన్న ఆశ మాత్రం ఒక్కరోజులో పోలేదు సహోదరులారా, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, ఒక సాయంత్రం మందుషాపు ముందుదాకా వెళ్లి అక్కడినుంచే పాస్టరుగారికి ఫోన్ చేశాను. "అక్కడే ఉండు, వస్తున్నా" అన్నారు, బండి మీద వచ్చి రోడ్డు పక్కనే నా భుజాన చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆరోజు తాగలేదు. ఆ తర్వాత ఏడాదైంది, ఇప్పటిదాకా తాగలేదు. కరుణ మొదట్లో రోజూ నా డబ్బాలు వెతికేది. ఈమధ్య వెతకడం మానేసింది.

నన్ను విడిపించిన దేవునికి, నన్ను బలవంతంగా కారెక్కించిన ఆ తల్లికి కృతజ్ఞతలు. మీలో ఎవరైనా నాలాగే దాచుకుని బతుకుతుంటే ఆయన్ని నమ్మండి, ఇంట్లోవాళ్లకు నిజం చెప్పండి. ఒక్కరే చెప్పలేకపోతే ఆరాధన అయ్యాక నన్ను కలవండి, మీ ఇంటిదాకా నేనూ వస్తాను.