పంచనామాలో లేని లేగ

అది రెండు వేల ఇరవై మూడు, వానాకాలం మొదలు. ఇల్లు కామారెడ్డిలో, ప్రాక్టీసు ఎక్కువగా ఎల్లారెడ్డి కోర్టులో. రోజూ పొద్దున్నే బస్సెక్కి పోయే వకీలును నేను. పొలం గెట్టు తగాదాలు, చెక్ బౌన్సులు, అన్నదమ్ముల కొట్లాటలు చూసి చూసి ఇక నాకు కోపం రాదనుకున్నాను. ఒక ఆవు కేసు వచ్చి ఆ ధీమా పోగొట్టింది.

సాయవ్వది రామారెడ్డి అనే ఊరి పక్క పల్లె, కూలి చేసుకుని బతికే మనిషి. బీర్కూర్ దగ్గరుండే ఆమె చిన్నమ్మ మోకాళ్ల నొప్పులతో చేసుకోలేక తన ఆవునూ, దాని పసి లేగనూ ఈమెకు ఇచ్చేసింది. ట్రాలీ ఆటోలో ఆవు కాళ్ల కింద లేగ నలుగుతుందని భయపడి, సాయవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని వేరే ఆటోలో ముందు పోయింది. వెనక వస్తున్న ట్రాలీని ఎల్లారెడ్డి దగ్గర పోలీసులు ఆపారు. ఆవు కొన్న రసీదు చూపమన్నారు. చిన్నమ్మ పెట్టిన ఆవుకు రసీదెక్కడి నుంచి వస్తుంది? అక్కడున్న ఒకాయన రోడ్డు మీదే చన్నులు పిండి చూశాడు, చుక్క రాలేదు. వట్టిపోయిన ఆవు, కోతకు తోలుకుపోతున్నారని పంచనామా రాశారు. పంచనామా అంటే ఏదైనా స్వాధీనం చేసుకునేటప్పుడు సాక్షుల ముందు రాసే కాగితం. ఆవును ఊరి బయటి గోశాలలో కట్టేశారు. లేగ మాత్రం సాయవ్వ ఇల్లు చేరింది.

మర్నాడు ఆమె కోర్టు వరండాలో నన్ను పట్టుకుంది.

"సారూ, అది వట్టిపోయిన ఆవు కాదు. లేగ మూతి పెట్టంది చేపదు. ఎవలు పిండినా గంతే."

చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. కొన్ని ఆవులు లేగ ఎదురుగా లేకపోతే ఆ పని చేయవు. పల్లెలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చెప్పాల్సి వచ్చిందంతా ప్రభుత్వానికే.

"ఇంట్ల లేగ అరుస్తనే ఉంది. ఈడ పాలు దియ్యకుంటే పొదుగు వాస్తది సారు. రేపటికల్ల ఇడిపియ్యాలె," అంది.

రేపటికల్లా మా కోర్టులో ఏ పనీ కాదని నాకు తెలుసు. ఆ రోజే ఇంటెరిమ్ కస్టడీ పిటిషన్ వేశాను, అంటే కేసు తేలేదాకా పశువును యజమాని దగ్గరే ఉంచమని అడగడం. ఈలోగా లేగనైనా తల్లి దగ్గరికి పంపండని స్టేషన్‌కు పోయి అడిగాను.

"ఆవు కేస్ ప్రాపర్టీ వకీల్ సాబ్. మా చేతిల ఏం లేదు, కోర్టును అడుగుండ్రి," అన్నాడు ఎస్సై.

గోశాల మేనేజరు ఇంకా తెలివైనవాడు. "లేగ పేరు కాయిదాల లేదు గదా సార్. లోపటికి రానిస్తే రేపు దాని లెక్క ఎవలు చెప్పాలె?"

"లెక్కేందయ్యా, పాలు తాగి మళ్లీ ఆటో ఎక్కుతది."

"ఆర్డర్ తీస్కరాండ్రి."

ఒళ్లు మండిపోయింది. కానీ గోశాల గేటు ముందు వకీలు అరిస్తే ఏం లాభం? కోర్టుకే పోయాను. మేజిస్ట్రేట్ గారు సెలవులో ఉన్నారు. ఇన్‌చార్జిగా ఉన్నాయన ఇంకో ఊళ్లో ఉన్నారు. ఆవును మేపుతున్నారుగా, అంత తొందరేమిటన్నారు. సర్కారు తరఫు వకీలు మా పిటిషన్‌కు జవాబుగా కౌంటర్ వేయడానికి వాయిదా అడిగాడు, ఇచ్చారు. పశువుల డాక్టరు రిపోర్టు తెప్పించమన్నారు. వచ్చింది. పొదుగులో పాలు లేవు, ఆవు వట్టిపోయింది అని రాసి ఉంది. మరి ఎవరిని చూసి చేపాలి? డాక్టరు గారిని చూసా? లేగను దూరంగా పెట్టేదీ వీళ్లే, పాలు లేవని రాసేదీ వీళ్లే. ఒక్కో వాయిదా పడుతున్నకొద్దీ వాళ్ల అబద్ధం నిజమవుతోంది. ఆ మాట ఎవరికి చెప్పినా గోడకు చెప్పినట్టే. సాయవ్వ పక్కింటి బర్రె పాలు సీసాలో పోసి లేగకు తాగిస్తూ, వాయిదా వాయిదాకూ బస్సెక్కి వచ్చేది. తల ప్రాణం తోకకొచ్చింది ఇద్దరికీ.

చివరికి మా మేజిస్ట్రేట్ అమ్మ సెలవు నుంచి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, నా దగ్గర రసీదు లేదు. సాక్షి ఉంది. రామారెడ్డి వైపు నుంచి రావాలి, నాలుగు కాళ్లు." సర్కారు వకీలు పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "డాక్టరు గారి ముందే లేగను వదలండి. ఏం జరిగిందో రాసి పంపమనండి," అంది.

ఆ మధ్యాహ్నమే సాయవ్వ లేగను ఆటోలో గోశాలకు తెచ్చింది. అది కిందికి దిగీ దిగకముందే లోపలి నుంచి తల్లి అరిచింది. పలుపు తెంపుకునేంతగా గుంజింది. లేగ పరుగెత్తి వెళ్లి పొదుగును కుమ్మింది. డాక్టరు పక్కన కూర్చుని ఒక్కో చన్నూ పిండి చూశాడు. మూడు గట్టిపడిపోయి ఉన్నాయి, చీము కలిసిన నీళ్లు వచ్చాయి. నాలుగో దాన్ని లేగ పట్టుకుంది. దాని మూతి నిండా నురగ. డాక్టరు మమ్మల్ని చూడకుండా రాసుకున్నాడు.

ఆవును విడిచిపెట్టమన్న ఆర్డర్ వచ్చి, దాన్ని గోశాల నుంచి బయటికి తెచ్చాక నేనే సంబరపడి అన్నాను, "సాయవ్వా, ఆవు ఇంటికొచ్చిందిగా."

ఆమె ఆవు పొదుగు మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. "వచ్చింది సారు. మూడు చన్నులు పాయె. ఇగ లేగ కడుపెట్ల నిండుతది?"

ఆవును కోతకు తోలుకుపోతున్నాడని ట్రాలీ డ్రైవరు మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

బార్ రూములో ఈ కేసు నేను గెలిచానంటారు. కానీ ఆనాడు రోడ్డు మీద రాసిన ఆ తప్పుడు పంచనామాను మేమంతా కలిసి ముప్పావు వంతు నిజం చేశాం. చట్టం దృష్టిలో స్టేషన్ వెనక తుప్పు పట్టే బండీ, పొదుగున్న ఆవూ ఒకటే. రెండింటినీ ఒకే రకం పిటిషన్‌తో విడిపించుకోవాలి. బండి ఆగుతుంది, పొదుగు ఆగదు. అందుకే ఇప్పుడు ఎవరైనా తన పశువును పట్టుకుపోయారని వస్తే రసీదు సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే: "దానికి లేగ ఉందా? ఇప్పుడెక్కడుంది?"