చెల్లి పుట్టకముందు రాసిన లిస్టు

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు... సొంతూరికి దూరంగా, ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో మాది ఒకటే గది. అమ్మకి అయిదో నెల. ఓ మధ్యాహ్నం నా లెక్కల పుస్తకం చివరి పేజీ తెరిపించి, "రాయే" అంది. అమ్మకి చదువు రాదు, నాకు తెలుగు రాయడం రాదు. బళ్ళో నేర్పిన హిందీలోనే రాశాను.

రబ్బరు గుడ్డ ఒకటి. ఉన్ని టోపీ. చొక్కాలు నాలుగు. గొడుగులా మడిచే చిన్న దోమతెర...

అమ్మ మనసంతా ఆ దోమతెర మీదే. నేను పుట్టినప్పుడు పెద్దమ్మ పిల్లలు విడిచిన గుడ్డలే తొడిగారట. "ఈ గుంటకైనా కొత్తయి కొంటాను" అనేది. పాత పేపర్లతో ఠోంగాలు అంటించి కొట్లకి వేసేది. ఆ పొట్లాల డబ్బులన్నీ పాలపొడి డబ్బాలో పడేవి. నా వేళ్ళకీ ఎప్పుడూ మైదా జిగురే!

కానీ కొనడానికి లేదు. మా శ్రీకాకుళం వాళ్ళ పద్ధతి... బిడ్డ భూమ్మీద పడకుండా గుడ్డముక్క కూడా ఇంట్లోకి తేకూడదు. ఆ విషయంలో మా నానమ్మ పెద్ద జడ్జి. "కడుపులో ఉన్న గుంటకి బజారేటే? అరిష్టం" అంది.

"ధర కనుక్కుంటే తప్పేటత్తా?" అంది అమ్మ. ధర వరకైతే సరేనంది నానమ్మ.

అలా ప్రతి ఆదివారం ఖిదిర్‌పూర్ బజారుకెళ్ళి ధరలు అడిగి వచ్చేవాళ్ళం. దోమతెరలమ్మే ఆయన విసుక్కునేవాడు... "కొనేదెప్పుడు దీదీ?" అని. "వచ్చాక దాదా, వచ్చాక" అని నవ్వేది అమ్మ. అమ్మ అంత బాగా నవ్వుతుందని నాకు అప్పుడే తెలిసింది. రూపాయి పెరిగినా ఇంటికొచ్చి నాచేత పాత ధర కొట్టేయించి కొత్తది రాయించేది. ఎనిమిదో నెలకి డబ్బాలో లిస్టుకి సరిపడా చేరింది.

సరిగ్గా అప్పుడే ఊర్నించి బాబాయి దిగాడు. ఓడరేవు డాక్‌లో పని కావాలి. పనిలో పెట్టించే సర్దారు చేతిలో ఏదో పెట్టాలి. ఆ రోజు బంద్ కాబట్టి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అటక మీంచి డబ్బా దింపాడు.

"ఊరికే పడున్నాయి కదేటి... జీతం రాగానే తమ్ముడు ఇచ్చేత్తాడు."

అమ్మ నానమ్మ వైపు చూసింది. ఆవిడ ఏమందో తెలుసా? "పట్టుకెళ్ళనీ. ఇప్పుడెలాగూ ఏటీ కొనకూడదు కదా!"

అదే వస్తువులై ఉంటే ఎవరూ ముట్టుకునేవారు కాదు. దోమతెర పట్టుకెళ్ళి ఏ సర్దారుకిస్తారు?

చెల్లి ఇరవై రోజులు ముందే పుట్టింది. చలికాలం. పాత చీర ముక్కల్లో చుట్టారు. బాబాయి మొదటి జీతంతో వాచీ కొనుక్కుని, ఆ వాచీ చేతికి పెట్టుకునే చెల్లిని చూడ్డానికొచ్చాడు. డబ్బా డబ్బు ఎప్పుడిస్తావని నాన్న అడగలేదు.

పిల్ల మొహం నిండా దోమకాట్లు... మూడో వారంలో జ్వరం. మలేరియా అన్నారు. పది రోజులు ఆస్పత్రిలోనే. ప్రాణమైతే దక్కింది గానీ, మందులకైన అప్పుతో అలాంటి దోమతెరలు పది వచ్చేవి.

ఇంటికొచ్చిన రోజునే నానమ్మ తీర్పు చెప్పేసింది. "పుట్టకముందే లెక్కలేత్తే ఇలాగే అవుద్ది. ఆ కాయితమే కొంప ముంచింది."

అమ్మ ఆవిడ్నీ, నాన్ననీ, బాబాయినీ కలిపి దులిపేస్తుందనుకున్నాను... లేదు. నా పుస్తకంలో ఆ పేజీ చింపి కుంపట్లో పడేసింది. చెల్లిని ఒళ్ళో పెట్టుకుని "నాదే తప్పే తల్లీ" అని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

కాలం మారింది. నా కూతురికిప్పుడు ఆరో నెల. ఫోన్లో నొక్కి ఉయ్యాలతో సహా అన్నీ తెప్పించేసుకుంది, ఎవరూ అడ్డు చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ సామాన్లున్న గదిలోకి అడుగు పెట్టడం లేదు. తన చెయ్యి తగిలితే బిడ్డకి కీడట! ఆ డబ్బు తీసిన నాన్న గానీ, తిన్న బాబాయి గానీ ఒక్కరోజైనా ఇలా భయపడగా నేను చూడలేదు.

మీ ఇళ్ళల్లోనూ చెయ్యని తప్పు మోస్తున్న అమ్మలుంటే చెప్పండి... తప్పు నీది కాదని వాళ్ళకి ఎలా నచ్చజెప్పారో అదీ రాయండి. నావల్ల కావడం లేదు.