అహరోను డబ్బా ఇచ్చిన పాత జాబితా

మా ఆయన అహరోను నారాయణఖేడ్‌లోనూ కల్హేర్‌లోనూ మూడు వందల ఇళ్లకు నెట్ ఇస్తాడు. వంటింట్లో అల్మారా బిగించమంటే తీరిక లేదంటాడు గానీ, పాత కంప్యూటరొకటి తెచ్చి ముందుగదిలో ప్రతిష్ఠించాడు. దాన్ని డబ్బా అంటాడు. ఎవరు ఏ పేజీ అడిగినా ముందు దానివైపే మళ్లిస్తాడు. అడ్రసు పక్కన తాళం గుర్తు లేని పాత సైట్ల పేజీలను అది దాచుకుని, మళ్లీ ఎవరైనా అడిగితే తనే ఇచ్చేస్తుంది. మధ్యలో అదొకటుందని ఎవరికీ తెలియదు. నెట్ ఉరుకుతోందని జనం మెచ్చుకుంటే ఈయన మీసం తిప్పుతాడు.

మొన్న బుధవారం పదకొండింటికి పక్కింటి చందన ఏడుస్తూ వచ్చింది. నర్సు పోస్టుల జాబితాలో తన పేరుందని జహీరాబాద్ నుంచి స్నేహితురాలు ఫోన్ చేసిందట. నాలుగింటిలోగా సంగారెడ్డిలో సర్టిఫికెట్లు ఇవ్వకపోతే పోస్టు పోతుంది. తీరా ఇంట్లో మా ఆయనిచ్చిన వైఫైతో చూస్తే పేరే లేదు.

"దోస్తు మజాక్ చేసిందేమో అక్కా," అంది.

మా ఆయన తన సెల్లో సిమ్ నెట్‌తో తెరిచాడు. నలభై ఒకటో పేరు చందనదే. సిమ్ నెట్ ఆపి మా వైఫైతో తెరిచాడు. లేదు. ఆయన ముఖం మాడిపోయింది.

"డబ్బా నిన్నటి జాబితా ఇస్తుంది. సైటోళ్లు కొత్తది గూడ గదే పేరుతోని పెడితే దానికేం ఎరుక?"

నాకు ఒళ్లు మండింది. "రోజంతా దాచుకొమ్మని దానికి చెప్పిందెవరయ్యా?"

ఆయన వెంటనే డబ్బా దాచిందంతా తుడిచేశాడు. మళ్లీ తెరిస్తే పేరు వచ్చింది. చందన నన్ను పట్టుకుని గంతులేసింది. ఇద్దరం బస్టాండుకు బయలుదేరుతుంటే గుమ్మంలో ఆగింది.

"అన్నా, నాలెక్క ఇంకెవరన్న చూసిన్రా?"

ఏ ఇల్లు ఏం అడిగిందో డబ్బాలో రాసి ఉంటుంది. ఆ జాబితా చూసినవి ఆరు ఇళ్లు.

"మీరు పోండ్రి. నేను ఫోన్లు చేస్త," అన్నాడు.

సంగారెడ్డి ఆఫీసు కిటికీ దగ్గర మూడున్నరకు చందన కాగితాలు తీసుకున్నారు. సంతోషం పట్టలేకపోయాను. రసీదు కోసం అక్కడే ఆగాం. నాలుగింటికి రెండు నిమిషాలుండగా చెప్పులు చేతబట్టుకుని ఒకమ్మాయి ఉరికొచ్చింది. పేరు సంతోషి, కల్హేర్ నుంచి.

"నేను చేన్ల ఉంటిని. నెట్ అహరోనట, ఎన్నిసార్లు ఫోన్ చేసిండో. తప్పు నాదే, జల్దీ పో చెల్లె అన్నడు," అంది రొప్పుతూ.

పదహారేళ్ల కాపురంలో తప్పు నాదే అన్న మాట ఆయన నోట నా చెవిన పడలేదు. నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. గుమాస్తా మూయబోతున్న కిటికీ రెక్కకు చెయ్యి అడ్డం పెట్టాను.